ఆధారాలు రోమువి, జవాబులు నల్లగొండ నేలలో

‘అడ్డం: రోము తొలి చక్రవర్తి.’ పదకేళి నింపే అలవాటున్నవాళ్లు తడుముకోకుండా అగస్టస్ అని రాసేస్తారు. ఆయన కాలం నాటి వెండి నాణేలు మన పక్క జిల్లాలోనే బయటపడ్డాయంటే మాత్రం చాలామందికి ఆశ్చర్యం. కల్వకుర్తి మీదుగా కోదాడ వైపు పోయే రోడ్డెక్కితే కాసేపట్లో వచ్చేది ఆ నల్లగొండ నేలే.

‘నిలువు: రోమను వెండి నాణెం.’ జవాబు దెనారియస్. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే 1,531 దొరికాయి. అగస్టస్ కాలంలో రోమను సిపాయికి ఏడాది జీతం 225 దెనారియస్‌లు. అంటే ఒక సిపాయి ఆరున్నరేళ్లకు పైగా కొలువు చేసి, పైసా ఖర్చుపెట్టకుండా దాస్తే తప్ప కూడని సొమ్మది! సముద్రానికి ఇంత దూరంలో అంత వెండి చేరిందంటే, కృష్ణా తీరపు రేవుల నుంచి ఈ మెట్టప్రాంతం దాకా వర్తకం ఎంత బలంగా సాగిందో ఊహించుకోండి.

దక్షిణాదిన దొరికిన దెనారియస్‌లలో అగస్టస్‌వి, ఆయన తర్వాత గద్దెనెక్కిన టైబీరియస్‌వి ఎక్కువ. అగస్టస్ నాణేల్లో మనవలు గయస్, లూసియస్ డాళ్లు, ఈటెలతో నిలబడి ఉన్న రకం తరచూ కనిపిస్తుంది. క్రీ.శ. 64లో నీరో దెనారియస్ బరువూ, అందులోని వెండీ తగ్గించాడు. పాత నాణేలకే ఇక్కడ గిరాకీ నిలవడానికి చరిత్రకారులు చెప్పే కారణాల్లో ఇదొకటి. మనవాళ్లు చక్రవర్తి మొహం చూడలేదు, వెండి చూశారు. నాకైతే ఇది సబబుగానే తోస్తుంది.

‘వెసూవియస్ పేలుడులో చనిపోయిన రోమను రచయిత’ అని ఆధారమిస్తే ప్లీనీ అని రాయండి. ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు భారతదేశానికి తరలిపోతున్నాయని వాపోయింది ఆయనే. నాలుగు సెస్టర్స్‌లు ఒక దెనారియస్. మిరియాలు, ముత్యాలు, సన్నటి నూలు బట్టల కోసం రోము పోసిన సొమ్మది.

సంగారెడ్డి దగ్గర కొండాపూర్ తవ్వకాల్లో రోమను నాణేల అచ్చులో చేసిన మట్టి పతకాలు దొరికాయి, మెడలో వేసుకోవడానికి బెజ్జంతో సహా. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం నాటి మెట్ల క్రీడాంగణం, గ్రీకుల మద్యదేవత డయొనైసస్‌గా పండితులు గుర్తించిన శిల్పం బయటపడ్డాయి. 1954 నుంచి 1960 దాకా తవ్విన ఆ లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్లకింద ఉంది. శిల్పాలను కొండమీది మ్యూజియంలో చూడవచ్చు.

దుక్కి దున్నుతుంటేనో, పునాది తీస్తుంటేనో పాత నాణేల కుండ తగిలితే కరిగించకండి, పంచుకోకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. కరిగిస్తే మిగిలేది తులాల లెక్క వెండి మాత్రమే. దయచేసి ఈ మాట మీ ఊళ్లో నలుగురికీ చెప్పండి.