పెట్టెలో ప్రశాంతత!

చార్లీ చాప్లిన్ బాత్రూములోకి దూరాడు. సిగరెట్ వెలిగించి, హాయిగా ఒక్క దమ్ము లాగాడో లేదో... ఎదుట గోడంతా వెలిగింది! గోడ నిండా యజమాని ముఖం! పని మానేసి ఇక్కడేం చేస్తున్నావని గద్దించాడు. పాపం చార్లీ... పరుగో పరుగు!

1936లో వచ్చిన 'మోడరన్ టైమ్స్' చిత్రంలోని దృశ్యమిది. అందులోనే ఇంకో యంత్రం ఉంది. కార్మికుడికి అన్నం తినిపించే యంత్రం! చెయ్యి కదపక్కర్లేదు, సూపూ మొక్కజొన్న కండే నోటిదాకా వస్తాయి. ఆహా, యజమానికి ఎంత ప్రేమ! అసలు కిటుకేమిటంటే... భోజనానికని పని ఆపనక్కర్లేదు. నవ్వు ఆగాక గాని ఆ చురక తగలదు.

ఈ యంత్రం ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటారా? 85 ఏళ్ళ తరువాత, 2021 మే నెలలో, దాని తమ్ముడులాంటిది ఒకటి అమెరికాలో నిజంగానే పుట్టింది.

పేరు 'అమెజెన్'. అమెజాన్ కంపెనీ పేరుకి 'జెన్' అనే ధ్యానమార్గం పేరు అతికించారు. టెలిఫోన్ బూత్ అంత గది. గోదాములో సరుకుల మధ్య నిలబెట్టారు. లోపల కుర్చీ, చిన్న ఫ్యాను, నాలుగు పూలకుండీలు, పైన నీలాకాశం బొమ్మ. ఎదురుగా కంప్యూటర్ తెర. అలసిన కార్మికుడు షిఫ్టు మధ్యలో వెళ్ళి, తలుపు వేసుకుని, మనసు కుదుటపడే వీడియోలు చూసి రావచ్చు!

కంపెనీ ఈ ముచ్చటంతా వీడియో తీసి ట్విట్టర్‌లో పెట్టింది. అంతే! జనం ఆడుకున్నారు. 'ఏడవడానికి ప్రత్యేకంగా గది కట్టించారా?' అన్న ధోరణిలో ఎగతాళి చేశారు. కంపెనీ ఆ వీడియో తీసేసింది.

జనానికి అంత కోపం ఎందుకు? అంతకు రెండు నెలల ముందే, తమ ఉద్యోగులు సీసాల్లో మూత్రం పోసుకోవలసి వస్తోందన్న మాటను ఆ కంపెనీ వెటకారంగా కొట్టిపారేసింది. 2021 ఏప్రిల్ 2న మాత్రం, డ్రైవర్లకు మరుగుదొడ్డి దొరకని ఇబ్బంది నిజమేనని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అదే నెలలో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెల్చుకున్న 'నోమాడ్‌లాండ్' కథానాయిక కూడా అమెజాన్ గోదాములో పార్శిళ్ళు కట్టే ఒంటరి మనిషే! ఇల్లు లేక వ్యానులో బతికే ఆమెను చూసి కళ్ళు చెమర్చిన ప్రేక్షకుడికి, నెల తిరిగేసరికి ఈ పూలకుండీల పెట్టె చూపిస్తే ఎలా ఉంటుంది మరి?

అలాగని విశ్రాంతి వల్ల లాభం లేదనకండి. ఉంది! అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పసిఫిక్ మహాసముద్రం దాటే విమానాల పైలట్ల మీద ఓ పరిశోధన చేసింది. ఒక్కొక్కరికీ వంతులవారీగా 40 నిమిషాల విరామం ఇచ్చారు. సగటున 26 నిమిషాలు కునుకు తీశారు. ఆ కునుకుతో పనితీరు 34 శాతం మెరుగైందట! పెట్టె లేదు, పూలకుండీ లేదు. కూర్చున్న సీట్లోనే నిద్ర.

ఇక్కడే ఉంది కీలకం. ఒకరు కునుకు తీస్తుంటే విమానం నడిపింది పక్కనున్న పైలట్లు! లేచాక 'ఇంతసేపటి పని ఏదీ?' అని అడిగినవాళ్ళు లేరు. మరి పెట్టెలో కూర్చున్నవాడి లెక్క గడియారంలో నడుస్తూనే ఉంటే? కళ్ళు మూసుకున్నా మనసు కుదుటపడుతుందా?

కాలిఫోర్నియా రాష్ట్రం ఈ సంగతి గ్రహించింది. 2021 సెప్టెంబరులో ఓ చట్టం తెచ్చి, 2022 జనవరి 1 నుంచి అమలు చేసింది. పెద్ద గోదాముల్లో గంటకింత పని అని పెట్టే లెక్క... భోజనానికీ, విరామానికీ, మరుగుదొడ్డికీ అడ్డు రాకూడదు! ఆకాశం బొమ్మ కన్నా ఆ ఒక్క వాక్యం వెయ్యి రెట్లు చల్లన.

అసలు మనకు ఇలాంటి పెట్టె ఎప్పుడో ఉంది కదూ! తలుపులు మూస్తారు, దీపాలు ఆర్పుతారు, చల్లగాలి, ఎదురుగా తెర... అవును, సినిమా హాలే! మొదటాట చూసి బయటికొచ్చాక మనసెంత తేలికవుతుంది! ఎందుకంటే ఆ రెండున్నర గంటలూ మనవి. టికెట్టు కొన్నది మనం. తెర మీద ఎవరి ముఖం కనిపించినా సరే, అది మన యజమానిది మాత్రం కాదు!