టూరింగ్ బండి దించుతున్నారా? స్ప్రింగ్ చూశారా?

బండి కిందికి దించితే లుక్ అదిరిపోతుంది, కాళ్లూ నేలకు అందుతాయి. నిజమే. కానీ హార్లీ స్ట్రీట్ గ్లైడ్ సంగతే చూడండి. 2024 మోడల్‌లో వెనక షాక్‌ల కదలికను కంపెనీయే 2 నుంచి 3 అంగుళాలకు పెంచింది. మనమేమో పొట్టి షాక్‌లు వేసి ఉన్నదీ తగ్గించుకుంటున్నాం!

అందుకే నేను పొడవు కంటే ముందు స్ప్రింగ్ చూస్తాను. నా బరువు, వెనక కూర్చునేవాళ్లు, నిండు బ్యాగులు.. అన్నీ కలిపి లెక్కేస్తా. అందరం ఎక్కాక షాక్ తన కదలికలో మూడో వంతుకు మించి కుంగిందా, గుంతలో దెబ్బ నేరుగా వెన్నుకే! ప్రీలోడ్ బిగిస్తే బండి పైకి లేస్తుందంతే, మెత్తటి స్ప్రింగ్ గట్టిపడదు. కాళ్లు అందకపోవడమే సమస్యైతే ముందు సీటు మార్చి చూడండి. అయినా దించాల్సిందేనంటే సైడ్‌స్టాండ్‌నీ పొట్టిది వేయించండి. లేదంటే పార్కింగ్‌లో బండి నిటారుగా నిలబడి, కాస్త తగిలినా అవతలికి పడుతుంది.