మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబరు ఏ రంగులో ఉంది?

పట్టణం మీ ఊరి పొలిమేర దాకా వచ్చిందా? అయితే మీకు తెలియకుండానే మీ పొలం మీద ఎక్కడో ఒక నక్షా తయారవుతూ ఉండవచ్చు. దాని పేరే మాస్టర్ ప్లాన్. రాబోయే ఇరవై ఏళ్లలో ఎక్కడ ఇళ్లు రావాలి, ఎక్కడ ఫ్యాక్టరీలు పెట్టాలి, రోడ్డు ఎటు పోవాలి, ఎక్కడ సేద్యమే సాగాలి అన్నది అందులో రంగులు వేసి చూపిస్తారు. ఒక్కో రంగు ఒక్కో జోన్. రెండెకరాల రైతుకు ఆ రంగే రేపటి భూమి ధరను తేలుస్తుంది. కాబట్టి ఇది పట్నం వాళ్ల వ్యవహారమని ఊరుకోవద్దు.

కామారెడ్డిలో ఏం జరిగింది?

2022 చివరలో కామారెడ్డి పట్టణానికి ముసాయిదా మాస్టర్ ప్లాన్ వెలువడింది. అడ్లూర్ ఎల్లారెడ్డి, లింగాపూర్ తదితర గ్రామాల సాగు భూములను పారిశ్రామిక జోన్‌లో చూపారు. పంట పండే భూమికి ఆ రంగెందుకు వేశారని రైతులు రోడ్డెక్కారు. ఆ ఆందోళనల మధ్యే ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. చివరకు 2023 జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే నెలలో జగిత్యాలలోనూ ముసాయిదాను వెనక్కు తీసుకున్నారు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ముసాయిదా అంటే ఖరారైన ప్లాన్ కాదు. దాన్ని మార్పించే వీలుంది. కాకపోతే గడువులోగా కదలాలి.

నాలుగు మాటలు, నాలుగు అర్థాలు

చాలామంది వీటిని కలిపేసి భయపడుతుంటారు, లేదా మోసపోతుంటారు. విడివిడిగా తెలుసుకోండి.

జోన్ మార్పు: నక్షాలో రంగు మారడం. పట్టా మీ పేరు మీదే ఉంటుంది. ఉన్న సాగు చేసుకోవచ్చు. కానీ ఆ భూమిలో కొత్తగా ఏం కట్టాలన్నా జోన్ ప్రకారమే అనుమతి ఇస్తారు.

నాలా: వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరానికి మార్చుకోవడం. తెలంగాణలో రుసుము కట్టి, రైతే రెవెన్యూ అధికారుల దగ్గర దరఖాస్తు చేసుకోవాలి. జోన్ మారినంత మాత్రాన నాలా అయిపోయినట్టు కాదు. నాలా అయిన భూమికి తెలంగాణలో రైతు భరోసా సాయం రాదు. అమ్మకం ఖాయం కాకముందే తొందరపడి మార్పించుకుంటే ఆ సాయం పోగొట్టుకున్నట్టే.

భూసేకరణ: ప్రభుత్వమే భూమి తీసుకోవడం. 2013 నాటి కేంద్ర చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పల్లెల్లో మార్కెట్ విలువను 1 నుంచి 2 రెట్ల మధ్య లెక్కగట్టి, మళ్లీ అంత మొత్తాన్ని అదనంగా కలిపి ఇవ్వాలి. ప్రాథమిక ప్రకటన వచ్చిన నాటి నుంచి 60 రోజుల్లోగా అభ్యంతరం చెప్పుకోవచ్చు.

ల్యాండ్ పూలింగ్: భూమి ఇచ్చి, అభివృద్ధి చేసిన ప్లాటు తీసుకోవడం. 2015లో అమరావతిలో ఎకరం మెట్టకు 1000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. జరీబుకైతే 1000, 450 గజాలు. పైగా పదేళ్లపాటు ఏటా కౌలు. మెట్టకు రూ.30 వేలు, జరీబుకు రూ.50 వేలతో మొదలు. అయితే 2019 తర్వాత రాజధాని పనులు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ప్లాటు విలువ ఊరు కట్టడం మీదే ఆధారపడుతుంది. పూలింగ్‌కు సంతకం పెట్టేముందు ఈ సంగతి మరవద్దు.

జోన్ మారితే లాభమా, నష్టమా?

నివాస జోన్‌లో పడితే ధర పెరగవచ్చు. పారిశ్రామిక జోన్‌లో పడితే ఇంటికి అనుమతి దొరకదు, కొనేవాళ్లు తగ్గుతారు. ప్రతిపాదిత రోడ్డు కింద గాని, పార్కు కింద గాని పడితే చిక్కు ఎక్కువ. రోడ్డు వేసే దాకా పరిహారం రాదు, ఈలోగా కట్టుకోవడానికీ కుదరదు, అమ్ముకోవడమూ కష్టమవుతుంది. మీ భూమి రంగు మారకపోయినా పక్క పొలం వెంచరైతే బండ్ల బాట మూసుకుపోవచ్చు, చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ పూడిపోవచ్చు. అందుకే మీ సర్వే నంబరుతోపాటు చుట్టుపక్కలవి కూడా చూసుకోవాలి.

ముసాయిదా వచ్చినప్పుడు ఏం చేయాలి?

1. ప్రకటనలో గడువు తేదీ ఉంటుంది. ముందుగా దాన్ని రాసిపెట్టుకోండి.

2. మున్సిపల్ కార్యాలయంలో గాని, అభివృద్ధి సంస్థ కార్యాలయంలో గాని నక్షా చూడండి. చదవడం రాకపోతే సర్వే నంబర్లు తెలిసిన చదువుకున్న పిల్లల్ని వెంట తీసుకెళ్లండి.

3. అభ్యంతరం కాగితం మీదే ఇవ్వండి. పేరు, ఊరు, సర్వే నంబరు, ఎకరాలు గుంటలతో విస్తీర్ణం, వేసే పంటలు, బోరు, కరెంటు కనెక్షన్, ప్లాన్‌లో చూపిన జోన్, మీరు కోరే మార్పు రాయండి. పాసుపుస్తకం నకలు జతచేయండి.

4. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నోటిమాటకు విలువ లేదు.

5. ఊరంతా ఒకే కాగితం మీద సంతకాలు పెడితే చాలదు. ఎవరి సర్వే నంబరుకు వారు విడిగా ఇవ్వాలి. గ్రామసభ తీర్మానం కూడా తోడైతే బలం.

6. వివరాలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో రూ.5, ఆపై కార్యాలయాల్లో రూ.10. 30 రోజుల్లో జవాబివ్వాలి.

దళారులతో జాగ్రత్త

ప్లాన్ సంగతి మీకంటే ముందు దళారులకు తెలుస్తుంది. ఉన్నట్టుండి ఎవరైనా వచ్చి బయానా చేతిలో పెడితే, ముందు నక్షా చూసి రండి. ఖాళీ కాగితాల మీద, అర్థంకాని జీపీఏ మీద వేలిముద్ర వేయవద్దు. 'ఎలాగూ భూమి పోతుంది, వచ్చినకాడికి అమ్ముకో' అనే మాట వింటే మరీ జాగ్రత్తపడండి. రంగు మారితే భూమి పోదని పైన చూశాం కదా.

ఖరారైన ప్లాన్‌ను మార్పించాలంటే ఏళ్లూ, ఖర్చూ. ముసాయిదా మీద అభ్యంతరానికి ఒక తెల్లకాగితం, ఒక పూట తీరిక చాలు. ఈ వారమే వెళ్లి మీ సర్వే నంబరు ఏ రంగులో ఉందో చూసుకోండి.