గట్టు దాటే పురుగుకు ఊరంతా కట్టడి

ఎర్ర గొంగళిపురుగు మీ చేను గట్టు చూసి ఆగుతుందా? తొలకరికి భూమిలోంచి లేచే తల్లిపురుగులను మంటలు వేసి చంపాలంటే ఊరంతా ఒకేసారి వేయాలి. మీరొక్కరే వేస్తే పక్క చేలో గుడ్లు పెడతాయి, పిల్లపురుగులు మీ చేలోకే వస్తాయి.

జనగామ జిల్లా లింగాలఘనపురం మండలం ఏనబావి రైతులు ఈ కిటుకు పట్టుకున్నారు. క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ముందు పురుగుమందులు, తర్వాత రసాయన ఎరువులు మానేశారు. 2006లో ఊరికి ఊరే రసాయనాలు వాడబోమని ప్రకటించుకుంది. యాభై పైచిలుకు కుటుంబాల చిన్న ఊరు కాబట్టి కుదిరిందంటారా? కొంత నిజమే. కానీ దిగుబడి తగ్గుతుందన్న భయం వాళ్లకూ ఉన్నదే.

వేపగింజల కషాయం ఖర్చు లేనిదే: 5 కిలోల పప్పు పొడిని రాత్రంతా నానబెట్టి వడగట్టి, 100 లీటర్ల నీటికి సరిచేసి, కాస్త సబ్బుపొడి కలిపి సాయంత్రం కొట్టాలి. పురుగు చిన్నగా ఉన్నప్పుడే సుమా!

మహబూబాబాద్, భూపాలపల్లి మిరప, పత్తి రైతులూ గ్రామసభలో ఈ మాట ఎత్తవచ్చు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ జరగాలి. చెరువు పూడికమట్టి ఎవరి చేలకు పోతోంది, పంచాయతీ పైసలు దేనికి పోయాయి, మందు డబ్బాలు వాగులో ఎవరు పారేస్తున్నారు? నలుగురు కలిసి వెళ్లి అడగండి. తీర్మానం పుస్తకంలో రాసేదాకా లేవకండి.