గ్రాఫిక్స్ కార్డు మార్చే ముందు...



"నాన్నా, కార్డు వేడెక్కిపోతోంది, కొత్తది కొందాం" అని మీ పిల్లలు అడుగుతున్నారా? ఆర్‌టీఎక్స్ 5090 ధర రెండు లక్షల రూపాయలు దాటుతుంది. కాబట్టి తొందరపడకండి.

వాటర్ కూలింగ్ కార్డులో పంపు నీటిని తిప్పుతుంది. ఆ నీరు చిప్ వేడిని రేడియేటర్‌కు చేరుస్తుంది, ఫ్యాన్లు దాన్ని గదిలోకి వదులుతాయి. గది కంటే నీరు చల్లబడదు. మే నెలలో ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా గది ఉడికిపోతుంటే కార్డూ వేడిగానే ఉంటుంది. కొల్లేరు చేపల రైతులు ఏరియేటర్ ఆగితే చెరువును మార్చరు, ఏరియేటర్‌ను బాగుచేయిస్తారు. మీరూ ముందు రేడియేటర్‌లోని దుమ్ము తీయించి, పంపు, ఫ్యాన్లు చూపించండి.

మరి ఎప్పుడు మార్చాలి? చేస్తున్న పని మెమరీ చాలక ఆగిపోతున్నప్పుడు. 2020లో వచ్చిన 3090కీ, 2022 నాటి 4090కీ మెమరీ 24 జీబీయే. 2025లో వచ్చిన 5090కి 32 జీబీ. అంటే 3090 నుంచి 4090కి మారితే పెరిగేది వేగమే, మెమరీ కాదు.

అదనపు ఖర్చూ లెక్కవేయండి. 3090కి 350 వాట్లు చాలు, 5090కి 575 కావాలి. పవర్ సప్లై మార్చాల్సి రావచ్చు. విడిగా బిగించిన పాత వాటర్ బ్లాక్ కొత్త కార్డుకు సరిపోదు.

ఏ పని, ఎన్నిసార్లు, ఎందుకు ఆగిందో నెల రోజులు నోట్‌బుక్‌లో రాయమని పిల్లలకే చెప్పండి. ఆ పేజీ చూశాక ఇద్దరూ కూర్చుని నిర్ణయించండి.