ఆల్విన్‌లో చేయి తిరిగిన హైదరాబాద్

బస్సు నుంచి చేతి గడియారం దాకా తయారుచేసిన కార్ఖానా అమీర్‌పేటకు కూతవేటు దూరంలోనే ఉండేది. ఓ వ్యాపార కుటుంబం వేసిన పునాది మీద అది ఎదిగిన తీరు, మూతపడిన తీరు నగరం గుర్తుంచుకోవాల్సినవి.

అమీర్‌పేట అంటే ఈ తరానికి కోచింగ్ సెంటర్లే. మైత్రీవనం చుట్టుపక్కల ఎటు చూసినా జావా, డేటా సైన్స్, క్లౌడ్ కోర్సుల ఫ్లెక్సీలే. ఊళ్ల నుంచి బ్యాగు భుజానేసుకుని వచ్చిన పిల్లలు హాస్టళ్లలో దిగుతారు. నాలుగు నెలలు కష్టపడితే ఉద్యోగం రాకపోతుందా అన్న ఆశతో క్లాసులకు పరుగెడతారు. పని నేర్చుకుని బతుకు దిద్దుకోవడానికి ఈ దిక్కుకు రావడం వాళ్ల తాతల నాటి నుంచీ ఉన్నదే. అప్పట్లో నేర్చుకున్నది ఫిట్టింగ్, వెల్డింగ్, టర్నింగ్. చేరితే చాలనుకున్న చోట్లలో పెద్దది సనత్‌నగర్‌లోని హైదరాబాద్ ఆల్విన్.

యుద్ధం రోజుల్లో తొలి అడుగు

1942 జనవరి నాటికి రెండో ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతోంది. బయటి దేశాల నుంచి యంత్రాలు, విడిభాగాలు రావడం గగనమైంది. ఆ రోజుల్లోనే సికింద్రాబాద్ వ్యాపార కుటుంబం అల్లాదీన్ వారి కంపెనీ, నిజాం ప్రభుత్వ ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను మొదలుపెట్టాయి. సంస్థానంలో పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చేందుకు 1929లో పెట్టిన నిధి ఈ ట్రస్ట్ ఫండ్. అలా కుటుంబ వ్యాపారానికి సర్కారు దన్ను తోడైంది. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1946లో, చార్మినార్ రేకులతో పేరు తెచ్చుకున్న హైదరాబాద్ ఆస్బెస్టాస్ కంపెనీ ఏర్పడి, ఇదే సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఊరి చివరి పొలాలు, గుట్టల మధ్య ఒక పారిశ్రామిక వాడ రూపుదిద్దుకుంది.

ఆల్విన్ మొదలవడానికి పదేళ్ల ముందే సంస్థానంలో సర్కారు బస్సులు తిరగడం మొదలైంది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది సిబ్బందితో ఆరంభమైంది. ఆ బస్సులు గ్లాస్గోకు చెందిన ఆల్బియాన్ కంపెనీవి. ఆల్విన్ వచ్చాక ఆల్బియాన్ బస్సుల బిగింపు ఇక్కడే జరిగింది. 1958లో ఆర్టీసీ కార్పొరేషన్‌గా ఏర్పడ్డాక కూడా ఆల్విన్‌కు బస్సు బాడీలు కట్టడమే ముఖ్యమైన పనుల్లో ఒకటి.

బస్సు బాడీ కట్టడం ఎంత ఓపిక కావాల్సిన పనో చూస్తే గానీ తెలియదు. ఇంజను, చక్రాలు, స్టీరింగు తప్ప ఏమీ లేని బోసి చాసీని డ్రైవరు ఎండకూ వానకూ ఓర్చుకుంటూ తోలుకొస్తాడు. దాని మీద ముందు అడ్డ బార్లు పడతాయి, తర్వాత నిలువు పిల్లర్లు లేస్తాయి, పైకప్పుకు వంచిన బద్దలు ఎక్కుతాయి. ఆ పైన రేకు తొడగాలి. ఇక్కడే రివెట్ల పని. బయట ఒకడు గన్‌తో రివెట్టు తల మీద కొడుతుంటే, లోపల ఇంకొకడు దాని కొసకు ఇనుప దిమ్మె ఆనించి గట్టిగా పట్టుకోవాలి. ఒకరి మొహం ఒకరికి కనపడదు, చప్పుడును బట్టే ఇద్దరి చేతులూ కలవాలి. పట్టు కాస్త జారితే రేకు సొట్టపోతుంది. ఆ సందులోంచి కారే వాన, ఏదో ఊరికి పోతున్న ప్రయాణికుడి నెత్తిన పడుతుంది. ఒక్క బస్సుకు ఇలాంటి రివెట్లు వందలకొద్దీ కొట్టాలి.

నట్టింట్లోకి వచ్చిన పేరు

రోడ్డు మీద పేరు తెచ్చుకున్న ఆల్విన్ ఆ తర్వాత ఇళ్లలోకీ వచ్చింది. ఒంటి తలుపు ఆల్విన్ ఫ్రిజ్ మధ్యతరగతి ఇంటికి ఓ హోదా. వంటగదిలో చోటున్నా దాన్ని నలుగురికీ కనపడేలా ముందుగదిలోనే పెట్టుకున్న ఇళ్లు ఎన్నో. పుష్పక్ స్కూటరుకూ ఆల్విన్ పేరే ఉండేది. 1981లో జపాన్ సీకో కంపెనీ సహకారంతో చేతి గడియారాల తయారీకి దిగింది. దేశంలో హెచ్ఎంటీకి ఎదురులేని రోజులవి. రోజూ పొద్దున్నే కీ ఇచ్చి చేతికి కట్టుకునే ఆల్విన్ గడియారాన్ని పదో తరగతి పాసైన పిల్లలకు బహుమతిగా కొనిచ్చేవారు.

ఎందుకు నిలవలేదు?

అల్లాదీన్ కుటుంబం భాగస్వామిగా మొదలైన సంస్థ కాలక్రమంలో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయింది. నాలుగు రకాల వ్యాపారాలను ఒకే గొడుగు కిందకు తెచ్చింది. ప్రతి దానికీ ఎప్పటికప్పుడు కొత్త యంత్రాలు, కొత్త డిజైన్లు, చేతి నిండా డబ్బు కావాలి. ఖజానా మీద ఆధారపడ్డ సంస్థకు అది తలకు మించిన భారమైంది.

1980లలో జహీరాబాద్‌లో నిస్సాన్‌తో కలిసి తేలికపాటి వాణిజ్య వాహనాల ఫ్యాక్టరీ పెట్టింది. అదే కాలంలో టొయోటా, మిత్సుబిషి, మాజ్డా కూడా మన దేశంలో భాగస్వాములను వెతుక్కుని వచ్చాయి. 1985 తర్వాత యెన్ విలువ పెరిగి, జపాన్ నుంచి తెచ్చే భాగాలు భారమయ్యాయి. 1986లో టాటా 407 వచ్చి మార్కెట్టును లాగేసుకుంది. జహీరాబాద్ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది, ఇప్పుడక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. గడియారాల్లో 1987 నుంచి టైటన్ క్వార్ట్జ్ మోడళ్లు జనాన్ని తిప్పుకున్నాయి. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత పోటీ తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్‌లో కలిసింది, అక్కడి నుంచి ఎలక్ట్రోలక్స్‌కు చేరింది. సనత్‌నగర్ సైరన్ ఆగిపోయింది. ఈ పతనంలో కార్మికుల నైపుణ్యానిది ఏ తప్పూ లేదు. వాళ్లు కట్టిన బస్సులు తెలుగు నేల నలుమూలలా తిరిగాయి.

మిగిలిన పేర్లు, చేయాల్సిన పని

పంజాగుట్టలో మియాపూర్ వైపు మెట్రో ఎక్కండి. అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ దాటగానే ఈఎస్ఐ హాస్పిటల్ స్టేషన్. కార్మికులు, యజమానులు కట్టే చందాలతో నడిచే ఆ ఆసుపత్రే ఈ ప్రాంతం ఒకప్పుడు ఎవరిదో చెబుతుంది. కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీ ఉంది, మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా ఉంది. ఆటోవాళ్లు రోజూ పలికే ఆ పేరు ఒక కార్ఖానాదని అక్కడ అద్దెకున్న సాఫ్ట్‌వేర్ పిల్లల్లో ఎందరికి తెలుసు?

1932 నాటి ఆల్బియాన్ బస్సును ఆర్టీసీ బాగుచేయించి బస్‌భవన్‌లో భద్రంగా నిలిపింది. ఆల్విన్‌కూ అలాంటి చోటు కావాలి. ఒక ఫ్రిజ్, ఒక గడియారం, రివెటింగ్ పనిముట్లు, షాప్‌ఫ్లోర్ ఫొటోలు, పాత ఐడీ కార్డులు సేకరించి అమీర్‌పేట, సనత్‌నగర్ ప్రాంతంలో చిన్న ప్రదర్శనశాల పెట్టడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు. అంతకన్నా తొందరగా జరగాల్సింది, అక్కడ పనిచేసినవాళ్ల మాటలు రికార్డు చేయడం. వాళ్లలో చాలామంది ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. ఏ పని ఎలా చేశారో, ఏ గురువు దగ్గర నేర్చుకున్నారో, చివరి జీతం తీసుకున్నాక ఇల్లెలా గడిచిందో చెప్పగలిగేది వాళ్లే. మీ ఇంట్లో ఆల్విన్‌లో చేసిన తాతయ్యో, నాన్నో ఉంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడగండి, ఫోనులో రికార్డు చేయండి. ఈ నగరం సాఫ్ట్‌వేర్‌కన్నా ముందు ఇనుముతో పని నేర్చుకుందని రేపటి పిల్లలకు చెప్పే సాక్ష్యం అదే.