ఆలూరు తెలుఁగు – ప్రమాణభాష

కర్నూలు మండలమునఁ గన్నడసీమ పొలిమేర చెంతనున్న ఆలూరు, 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు బళ్లారి మండలములోని తాలూకాస్థానముగా నుండెను. ఆ సీమ తెలుఁగు వినినవారు పలువురు, అది ప్రమాణభాష చెడి యేర్పడినదని తలఁతురు. ఏ రూపము దేనినుండి పుట్టినదో విచారించినచో నీ తలంపు నిలువదు.

మొదట ప్రమాణభాష యనఁగా నేమో తెలియవలెను. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు మొదలగువారి యుద్యమముచే గ్రంథరచనకెక్కిన శిష్టవ్యావహారికము, ప్రధానముగాఁ గృష్ణా గోదావరీ తీరములందలి విద్యావంతుల వాడుకనుండి వచ్చినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లోఁ బ్రకటితమైన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటమునఁ దెలుఁగునాటిని పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్యమండలములని నాలుగుగా విభజించిరి. ఆలూరు దక్షిణమండలములోనిది, ప్రమాణభాషకు మూలము మధ్యమండలము. కాఁబట్టి యీ రెండును దోఁబుట్టువులే కాని తల్లీబిడ్డలు కావు.

ఇందుకు భూతకాలక్రియ మంచి నిదర్శనము. ప్రమాణభాషలో ‘వచ్చాడు, చేశాడు’ అనుచోట ఆలూరువారు ‘వచ్చినాడు, చేసినాడు’ అందురు. కావ్యభాషలోని ‘వచ్చినాఁడు, చేసినాఁడు’ అను రూపములతో వీనికి అరసున్న దక్క భేదము లేదు. మధ్యమండలమున నడిమి ‘ఇన’ జాఱిపోయి ‘వచ్చాడు’ అయినది. తెలంగాణమున నదియే మఱియొక తెఱఁగున మాఱి ‘వచ్చిండు’ అయినది. ‘చేశాడు’ లోని శకారము గమనింపఁదగినది. ‘చేసి’ అనునపుడు సకారము ఇకారసాహచర్యముచేఁ దాలవ్యముగఁ బలుకఁబడును. ఇకారము పోయినను ఆ తాలవ్యత్వము శకారరూపమున మిగిలినది. అనఁగాఁ దనకు ముందు ‘చేసినాఁడు’ ఉండెనని ప్రమాణరూపమే సాక్ష్యమిచ్చుచున్నది.

అయినను ఆలూరు తెలుఁగంతయుఁ బ్రాచీనమనుట పొరపాటు. ‘పోతున్నాడు’ అనుటకు ‘పోతాండాడు’ అనియు, ‘ఉన్నాడు’ అనుటకు ‘ఉండాడు’ అనియు నచ్చట వాడుదురు. కావ్యభాషలోని ‘ఉన్నాఁడు’ రూపమును బ్రమాణభాషయే నిలుపుకొన్నది. దక్షిణమున ‘ఉండు’ ధాతువు ననుసరించి క్రొత్తరూపము పుట్టినది.

పదములందును భేదము మెండు. నాగలిని మడక యనియు, గేదెను ఎనుము అనియు, ఉల్లిపాయను ఎఱ్ఱగడ్డ యనియు, వెల్లుల్లిని దెల్లగడ్డ యనియు, కొబ్బరికాయను టెంకాయ యనియు రాయలసీమ వాడుక. ఆలూరు ప్రాంతమునఁ గన్నడమును వినఁబడును గనుక, ఎనుము కన్నడపు ‘ఎమ్మె’ నుండి వచ్చెనను భ్రమ కలుగవచ్చును. ఈ రెండును దమిళపు ‘ఎరుమై’ తోఁ గూడ నొకే ద్రావిడమూలమునుండి వేఱువేఱుగ వచ్చినవి. ఇచ్చట నరువు లేదు. ఉమ్మడి యాస్తి కలదు.

ఇతరదేశములందును ఇట్టి స్థితి గలదు. జపానుభాషకుఁ బ్రమాణము టోక్యోనగరపు విద్యావంతుల వాడుక. ‘తెలియదు’ అనుటకు అందు ‘వకరనై’ అనఁగాఁ బశ్చిమజపానున ‘వకరన్’ అందురు. ఈ తుది నకారము ప్రాచీనగ్రంథభాషలోని ‘ను’ అను వ్యతిరేకప్రత్యయపు శేషము. ఆ దేశమున నొకప్పుడు, ముఖ్యముగ ఒకినావాద్వీపమున, బడిలో నింటిపలుకు పలికిన పిల్లవాని మెడలో శిక్షగాఁ గొయ్యబిళ్ల వ్రేలాడఁగట్టిరి.

తెలుఁగుబడులలోఁ గొయ్యబిళ్ల లేకున్నను ఎఱ్ఱసిరా కలదు. ఆలూరు బాలుఁడు వ్యాసమున ‘వచ్చినాడు’ అని వ్రాయఁగాఁ దప్పని కొట్టివేసిన గురువే, మఱునాఁడు పద్యపాఠమున ‘వచ్చినాఁడు’ శుద్ధరూపమని చెప్పవలసివచ్చును. ప్రమాణభాష నేర్పుట యావశ్యకమే. పలుసీమలవారు వ్రాఁతలోఁ గలిసికొనుటకు నది రహదారి. కాని ‘ఇది తప్పు, అది యొప్పు’ అనక, ‘ఇంట నిట్లు, వ్యాసమున నట్లు’ అని చెప్పి, రెంటికిని గల చుట్టఱికమును జూపినచో, బాలునికిఁ బ్రమాణభాషయు వచ్చును, కావ్యభాషయు దగ్గఱ యగును. తల్లిపలుకు హీనమను సిగ్గును గలుగదు.